పువ్వుకు పద్యం, వేరుకు మొండిచెయ్యి

శివరాత్రికి కురవి జాతర సాగే రోజుల్లోనే మోదుగ పూస్తుంది. ఆకు రాలిన మోడు కొమ్మల నిండా ఎర్రటి పూలు విరగబూస్తాయి. మహబూబాబాద్ నుంచి వచ్చినా, మరిపెడ వైపు నుంచి వచ్చినా చెలకల ఒడ్ల మీద, గుట్టల వాలున, ఒర్రెల పక్కన అదే రంగు. కోరమీసాల వీరన్నకు మొక్కు చెల్లించే జనమంతా ఆ చెట్ల మధ్య నుంచే వస్తారు. ఫొటోలు తీసేవాళ్లు తీస్తారు, కవిత్వం రాసేవాళ్లు రాస్తారు. ఇక్కడికి దగ్గరలోని చిన్నగూడూరులో 1928లో పుట్టిన దాశరథి రంగాచార్య తన నవలకు ‘మోదుగుపూలు’ అని పేరు పెట్టారు కాబట్టి, ఆ పువ్వు మన సొంతమన్నట్టే మాట్లాడతాం. సొంతమనే అనుకుందాం. మరి ఆ చెట్టు కింద ఉన్న వేరు ఎవరిది? దాని వైద్యం సంగతి మనం ఏం చేశామని ఎవరైనా నిలదీస్తే చెప్పుకోవడానికి ఒక్క మంచి మాట లేదు.

మోదుగ వేరు వైద్యాన్ని చూసి మొదట నవ్వాం. తర్వాత దానికే మొక్కాం. నవ్వినప్పుడూ మొక్కినప్పుడూ దాన్ని రాసిపెట్టుకోలేదు, పరీక్షించుకోలేదు. ఎవరో పైనుంచి వచ్చి చేసిన అన్యాయమని తప్పించుకోవడానికి లేదు. ఈ ఊళ్లలో, ఈ తండాల్లో, ఈ గూడేల్లో పుట్టి, నాలుగు అక్షరాలు నేర్చి, టీచర్లం, విలేకరులం, ఫార్మసిస్టులం, పంచాయతీ కార్యదర్శులం, ప్రొఫెసర్లం అయిన మనమే దీనికి బాధ్యులం.

మోదుగ రంగు చెట్టని లోకానికి తెలుసు. ఈస్టిండియా కంపెనీ డాక్టరు విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో ఉండి తెలుగు నేల మొక్కలను బొమ్మలతో సహా గ్రంథానికెక్కించాడు. 1795లో లండన్‌లో వెలువడడం మొదలైన ఆ కోరమాండల్ తీరపు మొక్కల సంపుటాల్లో మోదుగ కూడా ఉంది. పటిక పట్టించిన నూలు బట్టకు ఈ పూల కషాయం మంచి పసుపు రంగునిస్తుందని రాసిపెట్టాడు. మన ఊళ్లలో కాముని పున్నమికి పిల్లలు పూలు ఏరుకొచ్చి, పెద్ద గిన్నెలో ఉడకబెట్టి, చల్లార్చి చల్లుకునేవాళ్లు. తండాల్లో కేసులా అనే పేరుతో లంబాడీలు దాన్ని తమ హోలీకి తెచ్చుకున్నారు. ఆ తర్వాత కిరాణా కొట్లలో రసాయన రంగుల పొట్లాలు వచ్చాయి, పూలు చెట్టు కిందే రాలి ఎండిపోయాయి. ఇప్పుడు ‘సహజమైన హోలీ రంగు’ అని అదే పూల పొడిని పట్నం నుంచి పార్సిల్‌లో తెప్పించుకుంటున్నాం. పువ్వు విషయంలో మన వైఖరి ఇది. అయినా పువ్వుకు కొంత అదృష్టం ఉంది, తలెత్తితే కనిపిస్తుంది. వేరు కోసం వంగాలి, తవ్వాలి, తెలిసినవాళ్లను అడగాలి.

తెలిసినవాళ్ల చేతిలో ఆ వేరు ఎన్ని పనులు చేసేదో చూడండి. బెరడును రాయి మీద కొట్టి, నానబెట్టి, నార తీసి తాళ్లు పేనేవాళ్లు. పశువులకు పలుపులు, మంచానికి తాడు అందులోంచే వచ్చేవి. జానెడు వేరు ముక్క చివర దంచితే పోగులు విడిపోయి కుంచె అవుతుంది. పండుగకు గోడలకు సున్నం కొట్టింది ఆ కుంచెలతోనే. ఇక వైద్యం. తాజా వేళ్లను కడిగి, సన్నగా ముక్కలు కోసి, కుండలో వేసి నీళ్లు పోస్తారు. కుండ మధ్యలో ఓ చిన్న గిన్నె నిలబెడతారు. కుండ మూతి మీద మూకుడు పెట్టి, సందులను తడి మట్టితో మెత్తి, మూకుట్లో చన్నీళ్లు పోస్తారు. కింద సన్న మంట. ఆవిరి పైకి లేచి, చల్లటి మూకుడు అడుగుకు తగిలి, చుక్కచుక్కగా లోపలి గిన్నెలోకి దిగుతుంది. మూకుట్లో నీళ్లు వేడెక్కినప్పుడల్లా మార్చాలి, లేకపోతే ఆవిరి నీరవదు. చివరికి దొరికే తేట నీరే అర్కం. రేచీకటికి, కంటి పొరలకు, కంటి మంటకు అని దాన్ని కంట్లో వేసేవాళ్లు. వేరు బెరడును మొలలకు, వాపులకు వాడేవాళ్లు. గింజలు కడుపులో పాములకు, జిగురు విరేచనాలకు, బాలింత నడుము నొప్పికి. ఒక చెట్టు చుట్టూ ఇంత వైద్యం అల్లుకుని ఉంది.

ఇంత తెలిసినవాళ్లను మనం ఏమన్నాం? పసరు మందువాళ్లన్నాం, నాటు మనుషులన్నాం. బడిలో పాఠం చెప్పేటప్పుడు మూఢనమ్మకాలకు ఉదాహరణ కావలసివస్తే వాళ్లనే ఎత్తి చూపించాం. జ్వరమొస్తే ఊళ్లో సూది వేసే ఆర్‌ఎంపీ దగ్గరికి పరుగెత్తాం. ఆయన మోతాదు మించి యాంటీబయాటిక్ ఇస్తే మాత్రం ఎవరమూ నవ్వలేదు, అది ఇంగ్లీషు మందు కదా! తండాలో తాత చేతిలో వేరు ముక్క చూస్తేనే నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి ముందు సిగ్గుపడింది తాత మనవడే. ఇంటర్ చదివే పిల్లవాడు తాత వెంట అడవికి వెళ్లడం మానేశాడు. తాత చెప్పలేక కాదు, వినేవాడు లేక నోరు మూసుకున్నాడు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని సామెత చెప్పుకుని దులిపేసుకున్నాం. పెరటి చెట్టును పట్టించుకోని మనుషులను దెప్పడానికి పుట్టిన సామెతను మనం సాకుగా వాడుకున్నాం.

ఇందులో మనం వెటకారం చేసిన సంగతి ఒకటి ప్రత్యేకంగా చెప్పాలి. వేరు తవ్వే ముందు చెట్టుకు మొక్కడం, ఫలానా కాలంలోనే తవ్వడం, ఫలానా దిక్కు వేరే తీయడం లాంటి నియమాలను చాదస్తమన్నాం. ఆకు మళ్లీ చిగురిస్తుంది, పువ్వు మళ్లీ పూస్తుంది. వేరు తవ్వితే చిన్న మొక్కలు చాలావరకు చచ్చిపోతాయి. కాబట్టి వేరు వైద్యానికి ఓ కట్టుబాటు అవసరం. చరక సంహితలో కూడా వేళ్లను గ్రీష్మంలోనో శిశిరంలోనో సేకరించాలని ఉంది. ఒక దిక్కు పక్కవేరు మాత్రమే తీసి మట్టి కప్పితే చెట్టు బతుకుతుంది. మోదుగ అసలే మొండి చెట్టు, నరికినా వేరు నుంచి పిలకలు లేపుతుంది. కానీ మారేడు గడ్డల్లాంటివి ఆ మొండితనం లేక, కట్టుబాటు తెలియని వ్యాపారుల గునపాలకు తూర్పు కనుమల్లో అరుదైపోయాయి. చాదస్తమని మనం తీసిపారేసిన దాంట్లో అడవిని కాపాడే లెక్క ఉందని అప్పుడు తట్టలేదు.

నవ్వడంతో ఆగి ఉంటే సగం తప్పే అయ్యేది. కాలం మారింది, ప్రకృతి వైద్యానికి గిరాకీ వచ్చింది, అదే నోటితో మొక్కడం మొదలుపెట్టాం. ఎవరో ఫోన్‌లో వీడియో పంపితే చాలు, ఏ వేరు అయినా సర్వరోగ నివారిణి అయిపోతుంది. 2021 మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో పంచిన కరోనా మందు కోసం వేల జనం ఎగబడిన సంగతి ఎవరూ మరచిపోలేదు. రెండు తెలుగు రాష్ట్రాలూ అటే చూశాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మే 31న ఆ మందుల్లో కొన్నింటి పంపిణీకి అనుమతిచ్చింది, కంట్లో వేసే చుక్కలకు మాత్రం ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో ఆలోచించినవాళ్లు మనలో కొద్దిమందే. కడుపులోకి వెళ్లే మందుకైనా కొంత వడపోత ఉంటుంది, కంటికి అదీ లేదు. నల్లగుడ్డు మీద చిన్న గీత పడి, శుభ్రం లేని చుక్క ఒకటి అందులో చేరితే పుండవుతుంది. పుండు మానినా తెల్ల మచ్చ మిగులుతుంది, చూపు పోవచ్చు. పంటకోతలప్పుడు కంట్లో వడ్ల పొట్టు పడితే ఆకు పసరు పిండించుకుని, ముదిరాక కంటి ఆసుపత్రికి పోయి, డాక్టర్లతో ఆలస్యమైందని అనిపించుకున్న రైతులు ఏ ఊళ్లో లేరు?

మోదుగ అర్కానికీ ఇదే వర్తిస్తుంది. ఆవిరి పట్టిన నీరు గిన్నెలో పడేటప్పుడు శుభ్రంగానే ఉండొచ్చు. దాన్ని పాత సీసాలో పోసి, గుడ్డ పీలికతో మూసి, నెలల తరబడి వాడితే అది మందుగా మిగలదు. రేచీకటి సంగతి మరీ ముఖ్యం. పిల్లల్లో రేచీకటి ఎక్కువగా విటమిన్ ఎ లోపం వల్ల వస్తుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఆధారంగా 1970లో దేశమంతా పిల్లలకు విటమిన్ ఎ పెద్ద మోతాదులో పోసే కార్యక్రమం మొదలైంది. తొమ్మిది నెలలప్పుడు తట్టు టీకాతో పాటు మొదటి మోతాదు, ఆ తర్వాత ఆరు నెలలకోసారి ఐదేళ్ల వయసు వరకు. అంగన్‌వాడీ టీచరు, ఏఎన్‌ఎం కలిసి చేసిన ఆ పనికి మనం ఎన్నడూ పద్యం రాయలేదు. మునగాకు, తోటకూర, గుమ్మడి, బొప్పాయి తినమని చెప్పినా వినలేదు. వేరు గొప్పదని చెప్పుకోవడంలో ఉన్న ఉత్సాహం పిల్లవాడి కంచంలో ఆకుకూర వడ్డించడంలో లేకపోయింది.

ఒక వేరును గౌరవించడమంటే ఏమిటో తెలియాలంటే మరో రంగు వేరు కథ చూడాలి. ఐరోపాలో బట్టలకు ఎరుపు వేసిన మాడర్ అనే తీగ వేరును మూత్రపిండాల్లో రాళ్లకు మందుగా కూడా వాడేవాళ్లు. జర్మనీలో అది మాత్రల రూపంలో మందుల దుకాణాల్లోనే దొరికేది. అందులోని లూసిడిన్ అనే పదార్థం కణాల్లోని జన్యు పదార్థాన్ని దెబ్బతీస్తుందని, ఎలుకల్లో కంతులు పుట్టిస్తుందని పరీక్షల్లో తేలింది. 1990లలో అక్కడ ఆ మందుల అనుమతి తీసేశారు. తాతల నాటిదన్న మొహమాటం ఎవరికీ అడ్డురాలేదు. దానికి దగ్గరి చుట్టం మన మంజిష్ఠ. చరకుడు వర్ణం పెంచే మందుల్లో, విషం విరిచే మందుల్లో, జ్వరం తగ్గించే మందుల్లో దాన్ని లెక్కగట్టాడు. మహామంజిష్ఠాది కషాయం నేటికీ చర్మరోగాలకు వాడుకలో ఉంది. వరంగల్‌లో మూలికల దుకాణానికి వెళ్లి ‘రక్తశుద్ధికి’ అని పొడి కొనుక్కుంటున్న మనలో ఎవరైనా అది అసలు మంజిష్ఠేనా, ఏ కొండ నుంచి వచ్చింది, ఎన్నాళ్లు వాడొచ్చు, గర్భిణి వాడొచ్చా అని అడిగామా? దుకాణదారుడికి ఆ ప్రశ్నలు ఎదురైతేనే కదా సమాధానాలు వెతికేది. మనం అడగం, అతను వెతకడు.

పరీక్ష అంటే కొట్టిపారేయడమని భయపడేవాళ్లు కేరళ వైపు చూడాలి. అక్కడ 1987లో పశ్చిమ కనుమల్లో మొక్కలు వెతుకుతూ వెళ్లిన శాస్త్రవేత్తలు, దారి చూపిస్తున్న కాణి గిరిజనులు అలసట లేకుండా నడవడం గమనించారు. వాళ్లు నములుతున్న కాయ ఏదని అడిగారు. అది ఆరోగ్యపచ్చ. తిరువనంతపురం ఉష్ణమండల వృక్షోద్యానంలో దాన్ని పరిశోధించి ‘జీవని’ అనే మందు తయారుచేశారు. లైసెన్సు రుసుములో, రాయల్టీలో సగం కాణిలకు ఇవ్వాలని నిర్ణయించారు, 1997లో వాళ్ల పేరుతో ట్రస్టు ఏర్పడింది. ఆ ఏర్పాటులోనూ తగాదాలు వచ్చాయి, లోపాలున్నాయి. అయినా అక్కడ అడిగినవాళ్లున్నారు, చెప్పినవాళ్ల పేరు నిలబెట్టినవాళ్లున్నారు. గంగారం, కొత్తగూడ, బయ్యారం కోయగూడేల్లో, కురవి చుట్టూ ఉన్న తండాల్లో మనం అలా ఎవరిని అడిగాం?

అడగకపోవడానికి వనరులు లేవని చెప్పుకోలేం. వరంగల్‌లో 1976 నుంచి కాకతీయ విశ్వవిద్యాలయం ఉంది. అనంతలక్ష్మి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి కురవిలో పని చూసుకుని సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. ఓరుగల్లు అడవుల మొక్కల మీద మన పిల్లలే పరిశోధన పత్రాలు రాశారు, కాదనలేం. కానీ అవి ఇంగ్లీషులో రాశాం. పట్టికలో మొక్క పేరు, వాడే భాగం, రోగం పేరు ఉంటాయి. ఎంత మోతాదు, ఎన్నాళ్లు, ఎవరికి ఇవ్వకూడదు, వికటిస్తే ఏం చేయాలి అన్నవి చాలాసార్లు ఉండవు. చెప్పిన ముసలమ్మ పేరు ‘స్థానికులు’ అన్న మాట కింద పోతుంది. డిగ్రీ మనకొచ్చింది, ఆ పత్రం తెలుగులో తిరిగి తండాకు చేరలేదు. ఇచ్చినవాళ్లకు లెక్క చెప్పకుండా పుచ్చుకోవడాన్ని మామూలు మనిషి చేస్తే ఏమంటామో మనకు తెలుసు.

చట్టం కూడా మన చేతికి ఓ సాధనం ఇచ్చింది. 1995లో పసుపుతో గాయాలు మాన్పే పద్ధతికి అమెరికాలో పేటెంటు ఇస్తే, మన శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి సవాలు చేసి 1997లో రద్దు చేయించింది. కేసముద్రం మార్కెట్‌కు పసుపు తోలుకెళ్లే రైతులున్న ప్రాంతం మనది, ఆ వార్తకు చప్పట్లు కొట్టాం. గెలుపు ఎలా వచ్చిందో మాత్రం గమనించలేదు. పాత పుస్తకాల్లో, పత్రికల్లో రాసి ఉంది కాబట్టి వచ్చింది. 2001లో మొదలైన సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయం కూడా ఆయుర్వేద, యునానీ, సిద్ధ గ్రంథాల్లో ఉన్నదాన్నే ఎక్కించింది. కోయదొర నోట్లో ఉన్నది, లంబాడీ అవ్వ చేతిలో ఉన్నది ఏ గ్రంథంలోనూ లేదు కాబట్టి దానికి అక్కడా చోటు లేదు. ఆ ఖాళీని పూరించే వీలు కల్పిస్తూ 2002 జీవవైవిధ్య చట్టం ప్రతి స్థానిక సంస్థలో ఓ కమిటీ పెట్టి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయమంది. పదిహేనేళ్లకు పైగా దేశంలో చాలాచోట్ల ఆ పని పట్టించుకోలేదు. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కన్నెర్ర చేసి, 2020 జనవరి 31 గడువు పెట్టి, మీరితే రాష్ట్రాలు నెలకు 10 లక్షల రూపాయలు కట్టాలంది. అప్పుడు హడావుడి మొదలైంది. గడువు తరుముతుండగా ఆఫీసుల్లో నింపే కాగితాలు ఎలా ఉంటాయో ప్రభుత్వ ఉద్యోగాలు చేసే మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మీ గ్రామ రిజిస్టరు ఎక్కడుంది? అందులో మోదుగ ఉందా? ఉంటే వేరు గురించి ఏం రాశారు, ఎవరు చెప్పారు? గ్రామసభలో సీసీ రోడ్డు గురించి, పింఛన్ల గురించి గొంతు చించుకున్నాం. అది తప్పని అనను. రిజిస్టరు గురించి మాత్రం ఒక్కరమూ నోరు మెదపలేదు.

ఈ నేలకు రాత కొత్త కాదు, అదే ఎక్కువ బాధించే విషయం. పదో శతాబ్దంలో ముదిగొండ చాళుక్యుల కాలంలో ఈ కురవిలోనే చెక్కించిన కొరవి శాసనం తెలంగాణలో దొరికిన తొలి తెలుగు వచన శాసనాల్లో ఒకటి. చదువు కొందరికే దక్కిన కాలంలో, సుత్తి ఉలి పట్టి, రాబోయేవాళ్లకు తెలియాలని రాయి మీద తెలుగులో రాయించారు. మన జేబులో రికార్డు చేసే ఫోను ఉంది, చదువు ఉంది, చట్టం ఉంది, పంచాయతీ ఆఫీసు ఉంది. వేరు వైద్యం తెలిసిన మనుషులు ఏటా కొందరు వెళ్లిపోతుంటే, సంతాప సభలో వాళ్లు గొప్పవాళ్లని చెప్పి ఇంటికొచ్చాం.

మోదుగకేమీ కాలేదు. పత్తి చెలకల కోసం ఒడ్లు చదును చేసినా, గుట్టలు తవ్వినా అది మళ్లీ మళ్లీ లేస్తోంది. దాని చుట్టూ ఉన్న తెలివే పోతోంది, అది పిలకలు వేయదు.

అందుకని వచ్చే జాతర లోపు ఒక పని చేద్దాం. మీ ఊళ్లో, మీ తండాలో వేళ్ల సంగతి తెలిసిన పెద్దలను కలవండి. వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే, వాళ్ల పేరుతోనే రాయండి. దేనికి, ఎంత, ఎన్నాళ్లు, ఎవరికి వద్దు, వికటిస్తే ఏమిటి అన్న ఐదు ప్రశ్నలు తప్పక అడగండి. బయటికి చెప్పడం ఇష్టం లేదంటే ఆ మాటకూ విలువ ఇవ్వండి. ఆ కాగితం పట్టుకుని గ్రామసభకు వెళ్లి, రిజిస్టరులో ఎక్కించమని పట్టుబట్టండి. ఆయుర్వేద కళాశాలలో, విశ్వవిద్యాలయంలో మీకు తెలిసినవాళ్లుంటే పరీక్షించమని అడగండి, ఫలితం మంచైనా చెడైనా తెలుగులో ఊరికి తిరిగి చెప్పమనండి. కంటికి ఏదైనా అయితే మాత్రం అర్కం కోసం చూడకండి, నేరుగా కంటి ఆసుపత్రికి వెళ్లండి.

నాటువైద్యం మన వారసత్వమని ఇకముందు ఎవరైనా వేదికెక్కి చెబితే, దాన్ని ఎక్కడ రాసిపెట్టారో చూపించమని అడగండి. ఇవాళ్టికి ఆ ప్రశ్నకు మన దగ్గర జవాబు లేదు.